చెట్టు ముందా, విత్తు ముందా? – క్లోమం, చక్కెర వ్యాధి, కేన్సర్

పదవ తరగతిలో హార్మోనుల పాఠం చెబుతూ క్లోమం దగ్గరకు రాగానే నేను నల్లబల్ల మీద ఒక మామిడాకు గీస్తాను. ఆకును అడ్డంగా పడుకోబెట్టి తొడిమ వైపు కొంచెం లావు చేస్తే చాలు, మన క్లోమం బొమ్మ తయారవుతుంది. కిందటి సంవత్సరం అట్లాగే గీసి, ఇన్సులిన్ గురించీ చక్కెర వ్యాధి గురించీ చెప్పి, "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగాను. వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్! మా తాతయ్యకు మొన్ననే షుగర్ అని తేలింది. క్లోమంలో కేన్సర్ ఉన్నవాళ్ళకు కూడా షుగర్ వస్తుందని ఎవరో అన్నారట. ఇంట్లో అందరూ భయపడుతున్నారు. షుగర్ వస్తే కేన్సర్ వస్తుందా సార్, కేన్సర్ వస్తే షుగర్ వస్తుందా?"

చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్లున్న ఈ ప్రశ్నకు గంట కొట్టేలోగా నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ప్రశ్న మాత్రం చాలా మంచిది. సుమారు నూట తొంభై ఏళ్ళుగా వైద్యులు వేసుకొంటూ వచ్చిన ప్రశ్నే అది. అందులో నా సొంత బాధ కూడా ఒకటి కలిసి ఉన్నది. దాన్ని చివర చెబుతాను. ముందు ఆ మామిడాకు లోపలికి వెళ్దాం.

ఒకే ఇంట్లో రెండు కాపురాలు

క్లోమం మన జీర్ణాశయానికి వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డంగా ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. లావుగా ఉండే తల భాగం ఆంత్రమూలం వంపులో ఒదిగి ఉంటుంది. సన్నని తోక ఎడమ పక్కన ఉన్న ప్లీహం దాకా సాగుతుంది. ఇంత లోతున దాగి ఉన్నది కనుకనే డాక్టరుగారు పొట్ట నొక్కి చూసినా క్లోమం చేతికి తగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

ఈ చిన్న గ్రంథి రెండు ఉద్యోగాలు చేస్తుంది. మొదటిది జీర్ణరసం తయారుచేయడం. రోజుకు ఒక లీటరుకు పైగానే తయారుచేస్తుంది. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టే ఎమైలేజ్, నూనెనూ నెయ్యినీ విడగొట్టే లైపేజ్, పప్పులోని మాంసకృత్తులను విడగొట్టే ట్రిప్సిన్ – ఇవన్నీ ఆ రసంలో ఉంటాయి. ఆకులో చిన్న ఈనెలన్నీ నడిమి ఈనెలో కలిసినట్లు, క్లోమంలోని సన్నని నాళాలన్నీ ఒక పెద్ద నాళంలో కలిసి, ఈ రసాన్ని ఆంత్రమూలంలో పోస్తాయి.

రెండవ ఉద్యోగం సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ వైద్యవిద్యార్థి క్లోమాన్ని పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. జీర్ణరసం చేసే కణాల మధ్య అక్కడక్కడ వేరే రకం కణాలు గుంపులు గుంపులుగా కనిపించాయి. అవి ఏ పని చేస్తాయో తనకు తెలియదని నిజాయితీగా రాసుకొన్నాడు. వాటినే ఈనాడు లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నాం. మన క్లోమంలో ఇవి సుమారు పది లక్షలు ఉంటాయి. కాని అన్నీ కలిపి తూచినా క్లోమం బరువులో నూటికి ఒకటి రెండు వంతులే. వీటికి నాళాలు లేవు. ఇవి చేసే హార్మోనులు సరాసరి రక్తంలోకే పోతాయి. వీటిలోని బీటా కణాలు చేసే హార్మోనే ఇన్సులిన్.

ఇన్సులిన్ తాళంచెవి వంటిది. రక్తంలోని గ్లూకోజు కండరాలలోకి, కొవ్వు కణాలలోకి వెళ్ళాలంటే ఆ చెవితో తలుపు తియ్యాలి. రక్తంలో చక్కెర పెరిగిపోవటానికి రెండు కారణాలుండవచ్చు. తాళంచెవులు చాలకపోవడం ఒకటి. చెవులున్నా తాళాలకు తుప్పు పట్టి తిరగకపోవడం రెండవది. చిన్నపిల్లలకు వచ్చే చక్కెర వ్యాధిలో సాధారణంగా బీటా కణాలే నశిస్తాయి, అంటే చెవులే ఉండవు. పెద్దవారికి ఎక్కువగా వచ్చేదానిలో తుప్పుతో మొదలై, పోనుపోను చెవులు కూడా తగ్గుతాయి.

కుక్క చెప్పిన సాక్ష్యం

1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో (అప్పుడది జర్మనీలో ఉన్నది, ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్నది) ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్కకు క్లోమం మొత్తం తీసివేశారు. జీర్ణక్రియ ఏమవుతుందో చూడాలని వాళ్ళ ఉద్దేశం. కాని, మంచి అలవాట్లు నేర్పిన ఆ కుక్క ఎక్కడపడితే అక్కడ మాటిమాటికీ మూత్రం పోయసాగింది. మింకోవ్‌స్కీ ఆ మూత్రాన్ని పరీక్షిస్తే నిండా చక్కెర! క్లోమానికీ చక్కెర వ్యాధికీ సంబంధం ఉన్నదని ఆ విధంగా రుజువైంది.

ఆ తరువాత ఆయన చేసిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. ఈసారి కుక్క క్లోమం తీసివేసి, ఒక చిన్న ముక్కను మాత్రం దాని చర్మం కింద అతికించాడు. ఆ ముక్కకు పేగుతో ఏ సంబంధమూ లేదు. అయినా కుక్కకు చక్కెర వ్యాధి రాలేదు. ముక్కను కూడా తీసేయగానే వచ్చింది! దీన్నిబట్టి ఏం తెలుస్తున్నది? క్లోమం ఏదో ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతున్నది. దూరంగా ఉండి కూడా రక్తం ద్వారా కబురు పంపగలుగుతున్నది. ఆ పదార్థమే ఇన్సులిన్ అనీ, దాన్ని వేరుచేయవచ్చుననీ 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ నిరూపించారు. "రక్తం ద్వారా కబురు" అన్న మాటను ఒక పక్కన రాసి పెట్టుకోండి. మన కథ మళ్ళీ అక్కడికే వస్తుంది.

సడి లేని శత్రువు

క్లోమంలో పుట్టే కేన్సర్లలో నూటికి తొంభై వరకు నాళాలకు సంబంధించినవే. అంటే మన మామిడాకులో ఈనెల దగ్గర పుట్టినవి. పుటికల్లో పుట్టేవి చాలా అరుదు. ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 5 లక్షల 11 వేల మందికి క్లోమ కేన్సర్ ఉన్నట్లు బయటపడింది. అదే సంవత్సరం సుమారు 4 లక్షల 67 వేల మంది దానివల్ల చనిపోయారు. ఈ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా! వచ్చినవారి సంఖ్యకూ పోయినవారి సంఖ్యకూ మధ్య ఇంత తక్కువ తేడా ఉండటం ఎంతో భయంకరమైన విషయం. అమెరికా వంటి సంపన్న దేశంలో కూడా ఈ వ్యాధి బయటపడినవారిలో ఐదేళ్ళ తరువాత బతికి ఉండేది నూటికి 13 మంది మాత్రమే.

కారణం మందులు లేకపోవటం ఒక్కటే కాదు. ఆలస్యంగా తెలియటం అసలు కారణం. కంతి చిన్నదిగా ఉండగా తెలిస్తే శస్త్రచికిత్స చేసి తీసివేయవచ్చు. కాని వ్యాధి బయటపడేనాటికి అట్లా తీయగల స్థితిలో ఉండేవారు నూటికి 15, 20 మందే. క్లోమం తలలో కంతి పుడితే, అది పక్కనే ఉన్న పైత్యరస నాళాన్ని నొక్కి పచ్చకామెర్లు తెప్పిస్తుంది. అప్పుడు కొంత ముందుగా తెలిసే అవకాశం ఉన్నది. నడుములోనో తోకలోనో పుడితే ఆ హెచ్చరిక కూడా ఉండదు. వెన్నులో నొప్పి మొదలయ్యేసరికి కంతి చాలా దూరం పాకి ఉంటుంది.

అందుకే వైద్యులు ఒక సూచన కోసం వెతుకుతున్నారు. కామెర్లకంటే ముందు, నొప్పికంటే ముందు, కేన్సర్ ఎక్కడైనా ఒక చిన్న సడి చేస్తుందా?

బాణం ఎటువైపు?

1833లోనే లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒక రోగి సంగతి రాశాడు. ఆ రోగికి చక్కెర వ్యాధి వచ్చింది, తరువాత కామెర్లు వచ్చాయి, చనిపోయాడు. శవపరీక్షలో క్లోమంలో కేన్సర్ కనిపించింది. మింకోవ్‌స్కీ కుక్కకంటే ఇది 56 ఏళ్ళ ముందుమాట! కాని ఒక్క రోగిని చూసి సూత్రం చెప్పలేం. రెండు జబ్బులూ ఒకే మనిషిలో కాకతాళీయంగా కలిసి ఉండవచ్చు.

అందుకని లెక్కలు కావాలి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో రోచెస్టర్ అనే పట్టణం ఉన్నది. మేయో క్లినిక్ అనే ప్రసిద్ధ వైద్యసంస్థ అక్కడిదే. ఆ ఊరివారి వైద్య రికార్డులను దశాబ్దాల తరబడి భద్రంగా దాచిపెట్టారు. సురేశ్ చారి అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఆ రికార్డులు తిరగేసి, 1950 నుంచి 1994 వరకు, 50 ఏళ్ళు నిండినాక కొత్తగా చక్కెర వ్యాధి వచ్చినవారిని ఏరారు. (ఈయనే అంతకుముందు మద్రాసు వైద్యులతో కలిసి మన దక్షిణాదిలో కనిపించే మరొక జబ్బును – క్లోమంలో రాళ్ళు ఏర్పడి చిన్న వయస్సులోనే చక్కెర వ్యాధి తెచ్చేదాన్ని – పరిశీలించి, ఆ రోగులకు క్లోమ కేన్సర్ ముప్పు ఎక్కువని 1994లో ప్రకటించారు.) రోచెస్టర్‌లో మొత్తం 2,122 మంది తేలారు. వారిలో మూడేళ్ళలోపు క్లోమ కేన్సర్ బయటపడినవారు 18 మంది. ఈ పద్దెనిమిదిలో పది మందికి ఆరు నెలల లోపే బయటపడింది. ఫలితాలు 2005లో ప్రచురించారు.

18ని 2,122తో భాగించండి. వెయ్యికి ఎనిమిదిన్నర వస్తుంది. ఈ అంకెను రెండు విధాలుగా చదవవచ్చు. మామూలుగా జనంలో రావలసినదానితో పోలిస్తే ఇది సుమారు ఎనిమిది రెట్లు. అయ్యో, ఎంత ఎక్కువ అనిపిస్తుంది. కాని అదే వెయ్యిమందిలో తొమ్మిది వందల తొంభై ఒక్క మందికి ఆ కేన్సర్ లేనే లేదు! అప్పుడు, ఇంతేనా అనిపిస్తుంది. రెండూ నిజమే. పేపర్లో "ఎనిమిది రెట్లు" అని చదివి బెంబేలు పడేవారు ఈ రెండవ లెక్క చేయరు.

ఇక బాణం సంగతి. చక్కెర వ్యాధి వల్ల కేన్సర్ వస్తున్నదనుకొందాం. అప్పుడు ఎన్నేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంటే అంతగా ముప్పు పెరగాలి కదా? పొగతాగే అలవాటులో అట్లాగే జరుగుతుంది, తాగిన ఏళ్ళు పెరిగినకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. చక్కెర వ్యాధి కొత్తగా వచ్చినవారిలో ముప్పు ఎక్కువ, ఏళ్ళ తరబడి ఉన్నవారిలో తక్కువ. చాలా ఏళ్ళుగా ఉన్నవారికి కూడా మామూలువారికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల ముప్పు ఉన్నది కనుక, బాణం ఆ వైపు కూడా కొంచెం పోతున్నదనే చెప్పాలి. కాని కొత్తగా వచ్చినవారిలో కనిపించే ఈ హెచ్చు దేనివల్ల?

2008లో మేయో క్లినిక్ వైద్యులే మరొక పరిశీలన ప్రకటించారు. క్లోమ కేన్సర్ ఉన్న 512 మందినీ, లేని 933 మందినీ తీసుకొని అందరి రక్తంలోనూ చక్కెర చూశారు. కేన్సర్ లేనివారిలో నూటికి ఏడుగురికి చక్కెర వ్యాధి ఉన్నది. కేన్సర్ ఉన్నవారిలో నూటికి 47 మందికి! అందులోనూ నాలుగింట మూడువంతుల మందికి ఆ వ్యాధి రెండేళ్ళలోపు వచ్చినదే.

అసలు ముడి విప్పేది వీరిలో కొందరికి జరిగిన శస్త్రచికిత్స. క్లోమం తలలో కంతి ఉంటే తల భాగాన్నీ, ఆంత్రమూలాన్నీ కలిపి తీసివేస్తారు. 1935లో న్యూయార్క్ వైద్యుడు ఆలెన్ విపుల్ ప్రకటించిన పద్ధతి కనుక దానికి ఆయన పేరే నిలిచిపోయింది. చదవటం ఒక్క క్షణం ఆపి ఆలోచించండి. కంతితోపాటు క్లోమంలో మంచి భాగం కూడా పోతుంది. పుటికలు పోతాయి, ఇన్సులిన్ తగ్గుతుంది. అటువంటప్పుడు చక్కెర వ్యాధి పెరగాలా, తగ్గాలా?

పెరగాలి అంటారు మీరు. నేనూ అదే అనుకొన్నాను. కొత్తగా చక్కెర వ్యాధి వచ్చి, తరువాత ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు 30 మంది. వారిలో 17 మందికి చక్కెర వ్యాధి పోయింది! చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉన్న మరో 11 మందికి మాత్రం ఆపరేషను తరువాత కూడా అది అట్లాగే ఉండిపోయింది. క్లోమం చిన్నదైనా చక్కెర తగ్గిందంటే, చక్కెరను పెంచుతున్నది ఆ కంతే అన్నమాట. ఈ కొత్త చక్కెర వ్యాధి కేన్సర్‌కు కారణం కాదు, కేన్సర్ ఫలితం.

కంతి పంపే కబురు

మరి గోళీ అంత కంతి చక్కెర వ్యాధిని ఎట్లా తెస్తుంది? పుటికలను తినివేసి కాదు. పది లక్షల పుటికలు ఆకు నిండా చల్లి ఉన్నాయి కదా, ఒక మూల కంతి పుడితే మిగిలినవన్నీ క్షేమంగానే ఉంటాయి. మింకోవ్‌స్కీ చర్మం కింద అతికించిన ముక్కను గుర్తు తెచ్చుకోండి. కంతి కూడా రక్తంలోకి కబురు పంపుతున్నది!

ఆ కబురు మోసుకుపోయే పదార్థాల్లో ఒకదాన్ని 2012లో గుర్తించారు. దాని పేరు అడ్రినోమెడ్యులిన్. కంతి కణాలు దీన్ని కంటికి కనిపించనంత చిన్న సంచుల్లో మూటగట్టి వదులుతాయనీ, ఆ మూటలు బీటా కణాల్లోకి చేరి ఇన్సులిన్ విడుదలకు అడ్డం పడతాయనీ 2015 నాటికి తెలిసింది. అటు తాళంచెవులు తగ్గుతాయి, ఇటు కండరాల తాళాలకు తుప్పు కూడా పడుతుంది. ఇందులో ఇంకా ఏయే పదార్థాలకు పాత్ర ఉన్నదో పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి.

ఈ కబురు ఎప్పుడు మొదలవుతుందో కూడా పాత రక్తపరీక్షలు వెతికి చూశారు. కేన్సర్ బయటపడటానికి 30 నుంచి 36 నెలల ముందే రక్తంలో చక్కెర మెల్లగా పెరగటం మొదలవుతున్నదని 2018లో తేలింది. ఇంచుమించు మూడేళ్ళు! కామెర్లకంటే, నొప్పికంటే ఎంతో ముందుగా వినిపించే సడి ఇదే.

మరొక విచిత్రం. పెద్దవారికి మామూలుగా వచ్చే చక్కెర వ్యాధిలో బరువూ చక్కెరా జోడెడ్ల లాగా కలిసి నడుస్తాయి. బరువు పెరుగుతుంటే చక్కెర పెరుగుతుంది, బరువు తగ్గిస్తే చక్కెర తగ్గుతుంది. కేన్సర్ తెచ్చే చక్కెర వ్యాధిలో ఈ జోడు విడిపోతుంది. ఒకపక్క మనిషి చిక్కిపోతుంటాడు, మరోపక్క చక్కెర పైకే పోతుంటుంది.

చేటతో చెరిగి, చేతితో ఏరి

అయితే కొత్తగా చక్కెర వ్యాధి వచ్చిన ప్రతి పెద్దమనిషికీ సి.టి. స్కాన్ తీయిస్తే పోదా? లెక్క వేసి చూడండి. మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో చెప్పింది. ఏటా కొత్తగా చేరేవారందరికీ స్కాన్ తీయటం ఏ దేశానికీ సాధ్యం కాదు. రోచెస్టర్ లెక్కనే తీసుకొన్నా, వెయ్యిమందికి తీస్తే ఎనిమిదిమందికి పనికి వస్తుంది. మిగిలినవారిలో కొందరికి ఏ హానీ చేయని నీటిబుడగలు క్లోమంలో కనిపిస్తాయి. ఇక అదేమిటో తేలేదాకా వారికి నిద్ర ఉండదు. సూదులు, మళ్ళీ స్కాన్లు, ఒక్కొక్కసారి అక్కరలేని ఆపరేషనూ!

బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు మీ అమ్మమ్మగారు ఏం చేస్తారు? బస్తాడు బియ్యం ముందేసుకొని ఒక్కొక్క గింజా చూడరు. ముందు చేటతో చెరుగుతారు. అనుమానం ఉన్నవి ఒక పక్కకు వచ్చాక చేత్తో ఏరుతారు. 2018లో చారి బృందం అటువంటి చేట ఒకటి తయారుచేసింది. దానికి కావలసినవి మూడే అంకెలు: చక్కెర వ్యాధి మొదలైనప్పటి వయస్సు, ఆ ఏడాదిలో బరువులో వచ్చిన మార్పు, అదే ఏడాదిలో రక్తంలో చక్కెర ఎంత పెరిగిందన్నది. వీటికి మార్కులు వేసి కూడుతారు. మూడు లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చినవారిలో నూటికి మూడు నాలుగు మందికి మూడేళ్ళలో క్లోమ కేన్సర్ బయటపడింది. వెయ్యికి ఎనిమిది ఉన్నది నూటికి మూడు నాలుగు అయింది! సున్నా లేక అంతకంటే తక్కువ వచ్చినవారికి ఆ భయం దాదాపు లేనట్లే.

నూటికి మూడు నాలుగంటే, మిగిలిన తొంభై ఆరుగురు ఊరికే స్కాన్ తీయించుకొన్నట్లే. అందుకే ఈ చేట ఇంకా మెరుగు కావాలి. అమెరికాలో పెద్ద సంఖ్యలో కొత్త రోగులను చేర్చుకొని ఏళ్ళ తరబడి గమనించే పరిశీలనలు మొదలుపెట్టారు. బ్రిటన్‌లో మాత్రం 2015లోనే వైద్యులకు ఒక సూచన ఇచ్చారు. 60 ఏళ్ళు, ఆపై వయస్సు గల మనిషి బరువు తగ్గుతూ, కొత్తగా చక్కెర వ్యాధి కూడా వస్తే, రెండు వారాల్లో స్కాన్ తీయించే విషయం ఆలోచించమని.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇదంతా పెద్ద వయస్సువారి సంగతి. మీ తరగతిలో ఇన్సులిన్ సూది వేసుకొనే స్నేహితుడో స్నేహితురాలో ఉంటే, ఆ వ్యాధి వేరు, దాని కారణం వేరు. ఈ వ్యాసం చదివి వారిని భయపెట్టకండి.

నోటుబుక్కుకు ముందూ వెనుకా

ఇప్పుడు నా బాధ చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు బోర్డు మీద తిన్నగా రాయటం నేర్పింది మా పాఠశాల లెక్కల మాస్టారు. నాకంటే చాలా పెద్దవారు. రిటైరయిన మూడేళ్ళకు, జనవరిలో, ఆయనకు చక్కెర వ్యాధి అని తేలింది. లెక్కల మనిషి కదా, ఒక నోటుబుక్కు పెట్టారు. ముందు పేజీల్లో పరగడుపున చేయించిన రక్తపరీక్ష అంకెలు, వెనుక పేజీల్లో మందుల షాపు ముందున్న యంత్రం మీద చూసుకొన్న బరువు. రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె పట్టారు. ఉదయం స్కూలు మైదానంలో నడిచేవారు. మనిషి సన్నబడ్డారు. ఎదురుపడినప్పుడల్లా, "ఏం మాస్టారూ, కుర్రాడైపోతున్నారే!" అనేవాడిని. "పథ్యం మహిమ లెండి, సైన్సు మాస్టారూ" అని నవ్వేవారు. సైన్సు మాస్టారిని నేను. పథ్యం చేస్తే బరువుతోపాటు చక్కెర కూడా తగ్గాలి కదా అని నాకు ఒక్కసారీ తట్టలేదు.

దీపావళి ముందు ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. స్కాన్‌లో క్లోమం తలలో కంతి, కాలేయంలో మచ్చలు కనిపించాయి. ఆపరేషనుకు వీలు లేదన్నారు. ఉగాది చూడకుండానే వెళ్ళిపోయారు. తరువాత వారి ఇంట్లో అమ్మగారు ఆ నోటుబుక్కు నాకిచ్చారు, "మీ పిల్లలకేమైనా పనికి వస్తుందేమో చూడండి" అంటూ. రక్తపరీక్ష అంకెలు డాక్టరుగారు చూసేవారు, చూసి రెండుసార్లు మాత్రలు పెంచారు. వెనుక పేజీలు ఎవరూ అడగలేదు, ఆయనా చూపించలేదు.

ఆ అమ్మాయి ప్రశ్న అడిగిన మర్నాడు, పేరు చెప్పకుండా, ఆ అంకెలే బల్ల మీద రాశాను. వ్యాధి తేలటానికి ముందు ఏడాది: చక్కెర 96, బరువు 74 కిలోలు. జనవరి: 138, 72. మార్చి: 129, 70. మే: 151, 67. జులై: 174, 64. సెప్టెంబరు: 203, 61. "ఒకే గ్రాఫు కాగితం మీద ఎడమ పక్క చక్కెర, కుడి పక్క బరువు పెట్టి రెండు గీతలు గీయండి" అన్నాను. మీరు కూడా గీయండి. గీతలు ఎక్కడ ఖండించుకొన్నాయన్నది ముఖ్యం కాదు, అది మీరు తీసుకొన్న స్కేలును బట్టి మారుతుంది. ఏ గీత ఎటు పోతున్నదో చూడండి. మార్చిలో మాత్రలకు చక్కెర కొంచెం దిగింది, అప్పుడు అనుమానించటం కష్టమే. మే అంకె పెట్టగానే కత్తెర తెరుచుకొన్నట్లు రెండూ విడిపోతాయి. మేలోనే ఎవరైనా ఈ బొమ్మ గీసి ఉంటే మాస్టారు బతికేవారా? అప్పటికే ఆలస్యమై ఉండవచ్చు, కాకపోయీ ఉండవచ్చు. కాని కామెర్లకు ఐదు నెలల ముందే స్కాన్ తీసి ఉండేవారు.

వెనుక బెంచీ అమ్మాయి ఆ రోజు ఏమీ అనలేదు. వారం తరువాత స్టాఫు రూము గుమ్మంలో నిలబడింది. చేతిలో గ్రాఫు కాగితం. తాతయ్య పాత రిపోర్టులన్నీ ట్రంకుపెట్టెలోంచి తీయించి, రెండేళ్ళ అంకెలు ఎక్కించింది. ఆయన బరువు ఆ రెండేళ్ళలో 68 నుంచి 73కి పెరిగింది.

"రెండు గీతలూ పైకే పోతున్నాయి సార్" అన్నది.

కాగితాన్ని ఈసారి డాక్టరుగారి దగ్గరకు తీసుకొనిపొమ్మన్నాను. తాతయ్య సాయంత్రంపూట మిఠాయి కొట్టు వైపు నడకకు పోతున్నారా అని కూడా అడిగాను. పోతున్నారట.